ఆగకూడదని చేసిన లారీ

కోరుట్లలో నాకు షెడ్డు ఉన్న రోజుల్లో నన్ను కార్బురేటర్ ఉస్తాద్ అని పిలిచేవారు. ఆ పిలుపులో సగం మర్యాద, సగం వెక్కిరింత. ముత్యంపేట ఫ్యాక్టరీకి చెరుకు మోసే లారీలు, ట్రాక్టర్లు, ఊళ్లకు తిరిగే బస్సులు అన్నీ కార్బురేటర్ లేని డీజిల్ బండ్లే. డీజిల్ మెకానిక్‌ల షెడ్లు రోడ్డుకు రెండు పక్కలా పొద్దంతా కళకళలాడుతుండేవి. నా దగ్గరికి మాత్రం వయసు మళ్లిన జీపులు, అమ్ముదామంటే కొనేవాడు దొరకని కార్లు వచ్చేవి. వాటిని చూసి పక్క షెడ్డువాళ్లు నాది వృద్ధాశ్రమం అనేవారు. నేనూ నవ్వేవాణ్ని.

ఇప్పుడు షెడ్లలో పనిచేస్తున్న తమ్ముళ్లలో చాలామంది కార్బురేటర్‌ను విప్పి చూసి ఉండరు. మీ తప్పేం లేదు, దాని కాలం అయిపోయింది. ఇంజన్ గాలిని పీల్చుకుంటుంటే ఆ గాలి వేగానికి పెట్రోలు సన్నగా చిమ్మి దానిలో కలుస్తుంది. అదే కార్బురేటర్. దానికి కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. మెకానిక్‌కు మంచి చెవి, చిన్న స్క్రూడ్రైవర్ ఉంటే సరిపోయేది. అట్లాంటి కార్బురేటర్ ఉన్న ఒక పెట్రోలు లారీకి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టిన సంగతి మీకు చెబుతాను. నా పనిలో అంత ఇష్టంగా చేసింది ఇంకొకటి లేదు. తలుచుకుంటే అంత బరువుగా అనిపించేదీ ఇంకొకటి లేదు.

ఆ పనిలో నాకు తోడున్నవాడు నా షెడ్డులోనే ఒక మూలన కూర్చొని బండ్ల వైరింగు చేసే ఎలక్ట్రిషియన్. బుగ్గారం వాడు. తరతరాలుగా గుంట భూమి లేని కూలీల ఇల్లు. తల్లిదండ్రులు ఒకరి పొలాల్లో పనిచేసి వీణ్ని పదో తరగతి దాకా చదివించారు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాడు. మిగతా రోజుల్లో వైర్లు చుట్టుకుంటూ చర్చి పాటలనే గొంతులో పాడుకుంటూ ఉండేవాడు. నాకంటే చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. ఇంజన్ గొప్పదా కరెంటు గొప్పదా అని మాకు రోజూ తగవే. బండి స్టార్టయితే ఇద్దరం గెలిచినట్టు, కాకపోతే ఎదుటివాడు ఓడినట్టు.

తెలంగాణ ఉద్యమం మళ్లీ ఊపందుకున్న రోజులవి. ఒకరోజు బందు, ఒకరోజు రాస్తారోకో, ఇంకొకరోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు. షెడ్డు తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువనిపించేది. మేమూ ఊరేగింపుల్లో నడిచేవాళ్లమే.

ఆ ఎండాకాలంలో ఒకాయన తంగళ్ళపల్లి నుంచి పాత మిలటరీ లారీని వేములవాడ మీదుగా నడుపుకుంటూ వచ్చి నా షెడ్డు ముందు ఆపాడు. సిరిసిల్లలో ఆయనకు మరమగ్గాలు ఉన్నాయి. అక్కడ మగ్గాలున్నవాళ్లను ఆసామి అంటారు. ఆ లారీని వాళ్ల నాయన మిలటరీ వేలంలో కొన్నాడట. నూలు, గుడ్డ తానులు మోయడానికి వాడుకున్నారు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. తీసేసి డీజిల్ ఇంజన్ వేయించుకొమ్మని ఎంతమంది చెప్పినా నాయన వినలేదు, కొడుకూ వినలేదు. ఉద్యమం వచ్చాక ఆసామి ఆ లారీని ఊరేగింపులకు ఇచ్చాడు. ఎత్తుగా ఉంటుంది, వెనకాల విశాలంగా ఉంటుంది, ఇంజన్ చప్పుడు తక్కువ కాబట్టి మైకులో మాట్లాడేవాళ్ల మాట వినపడుతుంది. సిరిసిల్ల చుట్టుపక్కల ఏ సభకైనా ముందు ఆ లారీ ఉండాల్సిందే.

"ఏందన్నా బండికి?" అని అడిగాను.

"మెల్లగ నడుస్తే ఆగుతున్నది ఉస్తాద్."

ఆ మాట అని ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టాడు. తర్వాత చెప్పాడు.

తంగళ్ళపల్లిలో డిగ్రీ చదివే పిల్లవాడు ఒకడు రాష్ట్రం కోసమని ప్రాణం తీసుకున్నాడు. తండ్రి లేడు. తల్లి ఈయన మగ్గాల షెడ్డులోనే నూలు కండెలు చుట్టేది, ఇంటికి పోయి బీడీలు చేసేది. సిరిసిల్ల ఆస్పత్రి నుంచి పిల్లవాణ్ని ఈ లారీ మీదే ఊరికి తీసుకుపోయారు. వేల మంది జనం. బండి మనిషి నడకతో పోవాలి. మిట్టమధ్యాహ్నం మానేరు వంతెన మీదికి వచ్చేసరికి ఇంజన్ ఆగిపోయింది. పెట్రోలు పైపుకు తడి తువ్వాల చుడితే కదిలింది, మళ్లీ ఆగింది. చివరికి లీడర్లు, పిల్లలు అందరూ దిగి వంతెన దాటేదాకా నూకారు.

"నేను ముంగట తువ్వాల తడుపుకుంట ఇంజన్ల తలకాయ పెట్టి ఉన్న. ఎన్కకు తిరిగి ఆ అవ్వ మొకం సూడనీకి ధైర్యం సాలలే. కొడుకు పీనుగను నడి వంతెన మీద ఎండల ఆపి ఉంచిన గద ఉస్తాద్. మల్ల అట్ల కావద్దు."

బండికి వచ్చిన రోగం నాకు కొత్త కాదు. నెమ్మదిగా పోతుంటే ఇంజన్‌కు గాలి తగలదు. సైలెన్సరు వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు పెట్రోలును లాగగలదు కానీ ఆవిరిని లాగలేదు. పైపును దూరంగా జరిపాను, మధ్యలో రేకు అడ్డం పెట్టాను, పంపు మార్చాను. ఆసామి సంతోషంగా తీసుకుపోయాడు. తర్వాత జగిత్యాలలో పెద్ద ఊరేగింపు జరిగితే నేనూ నా మిత్రుడూ లారీ పక్కనే నడిచాం. టవర్ సర్కిల్ దాటకముందే ఆగిపోయింది. మైకు పట్టుకున్నాయన "మన బండి కూడ సమ్మెల చేరింది" అన్నాడు. జనం నవ్వారు. ఆసామి నవ్వలేదు, నావైపు చూశాడు.

అప్పుడే నేను ఇంజెక్షన్ మాట ఎత్తాను. కార్బురేటర్ తీసేసి అదే చోట ఇంజెక్టర్లున్న థ్రాటిల్ బాడీని కూర్చోబెట్టాలి. కరెంటు పంపు పెట్రోలును గట్టి ఒత్తిడితో పంపుతుంది, మిగిలింది ఇంకో పైపులో ట్యాంకుకు తిరిగి వస్తుంది. ఒత్తిడిలో, కదలికలో ఉన్న పెట్రోలు అంత సులభంగా ఆవిరి కాదు. ఎంత పెట్రోలు చిమ్మాలో చూసుకోవడానికి కంప్యూటర్ ఉంటుంది. చెప్పడం తేలిక. మన దగ్గర అంత పాత లారీకి అట్లా చేసినవాళ్లను నేను చూడలేదు. హైదరాబాద్‌లో పాత కార్లు దాచుకునే ఒక పెద్దమనిషి తన కారు కోసం బయటి దేశం నుంచి తెప్పించుకున్న కిట్ పెట్టెలోనే ఉండిపోయిందని తెలిసింది. నేనూ ఆసామీ పోయి సంగతి చెప్పాం. ఆయన మానేరు వంతెన కథ విని లోపలికి వెళ్లి పెట్టె తెచ్చి ఆసామి చేతుల్లో పెట్టాడు.

నేను పెట్టె విప్పుతుంటే నా మిత్రుడు తన మూలలోంచి లేవలేదు.

"రా తమ్మీ, నీ కరెంటు వచ్చింది, చూద్దువు గాని" అన్నాను.

"నేను చెయ్యనన్నా."

తమాషాకు అంటున్నాడనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే కళ్లలో నీళ్లున్నాయి.

"దీన్ని ఎందుకు బాగు చేస్తున్నం? ఇంకో పోరడు సస్తడు, గప్పుడు ఆగకుంట పోవాలెనని. గంతే గద? పాడె కట్టి పెట్టుకొని ఎవడొస్తడా అని కూసున్నట్టుంది నాకు. మా ఇండ్లల్ల పోరగాండ్లు లేరా?"

ఆసామి కూడా అక్కడే ఉన్నాడు. "పోరగాండ్లు ఆగుతలేరు తమ్మీ, నేనేం చెయ్యాలె? బండే ఆగుతున్నది. నా చేతిల ఉన్నది గిదొక్కటే" అన్నాడు.

ఇద్దరిదీ నిజమే. నేను ఎవరి పక్షం మాట్లాడగలను? చాలాసేపటికి నా మిత్రుడు ఒక షరతు పెట్టాడు. "జెండలు మోస్తది, మైకులు మోస్తది అంటే చేస్త. పీనుగను ఎక్కియ్యనని ఈయన మాటియ్యాలె." ఆసామి బానెట్ మీద అరచెయ్యి పెట్టి మాట ఇచ్చాడు.

పని మొదలైంది. పాత డైనమో ఇచ్చే కరెంటు పంపుకే సరిపోదని దాన్ని తీసి ఆల్టర్నేటర్ బిగించాం. సైలెన్సరుకు రంధ్రం చేసి సెన్సార్ పెట్టాం. నేను ట్యాంకుకు తిరిగి వచ్చే పైపును సన్నగా వేసి షెడ్డంతా పెట్రోలు వాసన చేశాను. మళ్లీ విప్పి లావు పైపు వేశాను. తీరా స్టార్ట్ చేస్తే ఇంజన్ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. నేను పంపును తిట్టాను, ట్యాంకు దింపాను, మళ్లీ ఎక్కించాను. వణుకు పోలేదు. బందు రోజున షెడ్డు తలుపు వేసుకొని ఇద్దరం దాని ముందు కూర్చున్నాం. నా మిత్రుడు ఊరికే కంప్యూటర్ వైర్ల కట్టను చేత్తో పక్కకు జరిపాడు. ఇంజన్ గొంతు మారింది. మళ్లీ దగ్గరికి తెచ్చాడు, వణికింది.

"ఇన్నవా అన్నా?"

పాత ప్లగ్గు వైర్లలో పారే కరెంటు పక్కనే ఉన్న కంప్యూటర్‌ను తికమక పెడుతోంది. ఆ వైర్లు మార్చాక ఇంజన్ కుదురుగా తిరిగింది. అట్లా తిరుగుతుంటే వాడు రేడియేటర్ మీద చెయ్యి వేసుకొని నిలబడి, ఆ ఇంజన్ శ్రుతికే చర్చి పాట ఎత్తుకున్నాడు. ఇంజన్ గొప్పదా కరెంటు గొప్పదా అన్న తగవు ఆ రోజు మాకు గుర్తే రాలేదు.

ఎర్రటి ఎండలో కోరుట్ల బజారులో మొదటి గేరులో లారీని నడిపించాం. వెనకాల ఆటోలవాళ్లు హారన్లు కొట్టి తిట్టారు. ఆగలేదు. ఆ తర్వాత ఆ లారీ ఎన్నో ఊరేగింపుల ముందు నడిచింది. మెట్‌పల్లి పోయింది, జగిత్యాల పోయింది, సిరిసిల్లలో నేతన్నల సభకు పోయింది. బుగ్గారంలోనే ఉండే నా మిత్రుడి చెల్లెలి కొడుకు జగిత్యాలలో డిగ్రీ చదివేవాడు. ఒక ఊరేగింపులో లారీ మీద జెండా పట్టుకొని నిలబడి, కింద నడుస్తున్న మమ్మల్ని తన దోస్తులకు చూపించి, "మా మామ చేసిన బండిరా ఇది, ఆగది" అని అరిచాడు. నా మిత్రుడు పైకి విసుక్కున్నాడు. "దిగురా, కాలేజికి పో" అన్నాడు. కానీ ఆ సాయంత్రం ఆ మాటను నాకు మళ్లీ చెప్పి నవ్వుకున్నాడు.

ఒకరోజు పొద్దున వాడు షెడ్డుకు రాలేదు. ఫోను వచ్చింది.

"అన్నా, జగిత్యాల దవాఖాన్ల ఉన్న. మా చెల్లె కొడుకు పోయిండు."

రాష్ట్రం రాదేమోనని వాడూ ప్రాణం తీసుకున్నాడు.

"ఆసామికి చెప్పు. బండి తెమ్మను."

వాడే మళ్లీ అన్నాడు. "నేనే వద్దన్న, నాకు ఎరికే. ఇప్పుడు నేనే అడుగుతున్న. వాన్ని ఇంకే బండ్ల ఎక్కియ్యాలె?"

నేను జగిత్యాల చేరేసరికి ఆస్పత్రి బయట రోడ్డు కనిపించడం లేదు, తలలే కనిపిస్తున్నాయి. ఆసామి సిరిసిల్ల నుంచి లారీ తెచ్చాడు. లారీలోంచి ఒక ముసలావిడ దిగింది. తంగళ్ళపల్లి తల్లి. నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. "ఆ తల్లిని సూడాలె, నన్ను తీస్కపో" అని ఆసామిని అడిగి ఎక్కిందట. నా మిత్రుడి చెల్లెలు గోడకు ఆనుకొని కూర్చొని ఉంటే ఈమె పోయి పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకొని అట్లాగే కూర్చుంది.

పిల్లవాణ్ని లారీ మీద పడుకోబెట్టారు. పూలు, జెండాలు. తల్లిని ఎక్కించారు, ముసలావిడను ఎక్కించారు. తర్వాత ఎక్కాల్సినవాళ్లు, ఎక్కకూడనివాళ్లు అందరూ ఎక్కారు. మైకు పెట్టారు. ఫొటోలు తీసేవాళ్లు ఎక్కారు. ఆసామి స్టీరింగు ముందు కూర్చున్నాడు, నా మిత్రుడు మధ్యలో, నేను తలుపు దగ్గర. బండి మొదటి గేరులో కదిలింది.

ఇంజన్ గురించి ఆ రోజు నేను చెప్పగలిగింది ఒక్కటే. అంత ఎండలో, అంత నెమ్మదిగా, అంత బరువుతో అది ఒక్కసారి కూడా తడబడలేదు. జగిత్యాల వీధులన్నీ దాటింది. చౌరస్తాల దగ్గర ప్రసంగాల కోసం ఆపితే ఆగింది, పోనిమ్మంటే పోయింది. ఆగిన ప్రతిచోటా ఇంకొందరు పైకి ఎక్కారు. అద్దంలోంచి చూస్తే వెనకాల అన్నీ కాళ్లే. కొడుకు తల దగ్గర కూర్చోబెట్టిన తల్లి జరిగి జరిగి వెనుక ఉండే డాలా తలుపు మూలకు పోయింది. వాడికీ ఆమెకూ మధ్య ఎంతమందో నిలబడి ఉన్నారు. మైకులో వాణ్ని అమరుడు అంటున్నారు, వీరుడు అంటున్నారు. వినే పిల్లల ముఖాలు వెలిగిపోతున్నాయి. నాకు ఆ వెలుగును చూస్తే భయమేసింది. నా మిత్రుడు తల వంచుకొని కూర్చున్నాడు.

బుగ్గారం రోడ్డు ఎక్కి ఇళ్లు దాటాక క్యాబిన్ వెనక కిటికీ మీద ఎవరో తట్టారు. ముసలావిడ కాళ్ల మధ్య నుంచి ఎట్లాగో ముందుకు జరిగి వచ్చి కిటికీకి ముఖం ఆనించింది.

"కొడుకా, బండి జర ఆపరాదు?"

"ఎందుకవ్వా? మంచిగనే పోతున్నది గద. ఆనాటి లెక్క ఆగది, భయపడకు" అన్నాడు ఆసామి.

"భయం కాదు కొడుకా. ఆనాడు వంతెన మీద బండి ఆగింది గద. అందరు నూకనీకి దిగిండ్రు. నేను, నా కొడుకు ఇద్దరమే మిగిలినం. వాని మొకం తుడిసిన. తలకాయ ఒళ్లె పెట్టుకున్న. వాన్తోని మాట్లాడిన. వాడు పోయినంక నాకు దొరికింది గంతే. మల్ల బండి కదిలినంక వాడు అందరోడయిండు. ఈ తల్లికి అది గూడ దొరకకపాయె. ఇంటికి పోతే ఇంకింత మంది ఉంటరు."

ఆసామి ముఖం చూడలేకపోయాను. ఏ ఆగిపోవడానికి ఆయన ఇన్నాళ్లు సిగ్గుపడ్డాడో, దేన్ని పోగొట్టడానికి మేం ఇంత చేశామో, అది ఆమెకు మిగిలిన ఒకే ఒక ముద్ద.

"మనం ఆపితే దిగరవ్వా. ఆపినకాడల్ల ఇంకింతమంది ఎక్కుతున్నరు" అన్నాడు ఆసామి.

నా మిత్రుడు అప్పటిదాకా కదలలేదు. పెట్రోలు ఎక్కడైనా కారితే వెంటనే ఆపడానికని డ్యాష్‌బోర్డు కింద పంపుకు విడిగా ఒక స్విచ్చును వైరింగు చేసినప్పుడే పెట్టి ఉంచాడు. వంగి దాన్ని నొక్కాడు. ఇంజన్ ఒకసారి దగ్గింది, రెండు కుదుపులు కుదిపింది, ఆగిపోయింది.

మైకు కూడా లారీ బ్యాటరీ మీదే నడుస్తోంది. వాడు దాని వైరు కూడా పీకేశాడు. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"బండి ఆగింది! దిగుండ్రి, నూకుండ్రి!" అని వెనక నుంచి కేకలు.

నా మిత్రుడు నన్ను తోసుకుంటూ కిందికి దూకి రెండు చేతులూ ఎత్తాడు. "నూకద్దు! ఇది కంప్యూటర్ బండి. నూకితే అంత కాలిపోతది. అందరు దిగి దూరం జరుగుండ్రి. బరువుంటే స్టార్ట్ కాదు."

ఇంజన్ గురించి అంత పచ్చి అబద్ధం నేను నా జీవితంలో వినలేదు. అందరూ నమ్మారు. లీడర్లు దిగారు, ఫొటోలవాళ్లు దిగారు. ఎండకు తాళలేక అందరూ రోడ్డు పక్క చింతచెట్ల నీడకు నడిచారు. ఎవరో పిల్లలు సాయానికి వస్తే ఆసామి పెట్రోలు అంటుకుంటుందని బెదిరించి పంపాడు. మేం ముగ్గురం బానెట్ ఎత్తి ఇంజన్‌లోకి వంగాం. బాగున్న ఇంజన్‌ను బాగుచేస్తున్నట్టు స్పానర్లు పట్టుకొని నిలబడ్డాం.

ముసలావిడ పైన ఆ తల్లిని పట్టుకొని తీసుకొచ్చి కొడుకు తల దగ్గర కూర్చోబెట్టింది. తాను డాలా దగ్గరికి పోయి అటు తిరిగి కూర్చుంది.

మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత పూలు పక్కకు తీస్తున్న చప్పుడు. తర్వాత ఆమె వాణ్ని ఇంట్లో పిలిచే చిన్నప్పటి పేరుతో పిలిచింది. పొద్దటి నుంచి ఆ పేరు ఎవరి నోటా రాలేదు. ఏడ్వలేదామె, మాట్లాడింది. ఏ మాటలన్నదో అన్నీ చెప్పను, అవి వాళ్లిద్దరివి. ఒక్కటి మాత్రం నా చెవిలో ఉండిపోయింది. "నీకు గింత కోపమెందుకచ్చెరా? నాతోని ఒక్కపారి అంటే కాకపోవునా?" అని అడిగింది. జవాబు కోసం ఆగినట్టు కాసేపు ఆగింది కూడా.

నా మిత్రుడు వేడి ఇంజన్ మీద మోచేతులు ఆనించి ఉన్నాడు. కాలుతున్నట్టు వాడికి తెలియడం లేదు. నేను చెయ్యి పట్టి లాగితే గాని తీయలేదు.

ఎంతసేపు అట్లా ఉన్నామో నేను చూసుకోలేదు. చివరికి ఆమె గొంతే పైనుంచి వినిపించింది.

"అన్నా, బండి బాగైందా?"

వాడు ముఖం తుడుచుకున్నాడు. "అయింది చెల్లే."

"అయితే పోనియ్యి."

స్విచ్చు వేశాడు. ఒక్క తిప్పుకే స్టార్టయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని నాకు ఏడుపు వచ్చింది.

బుగ్గారంలో పాస్టరుగారు ప్రార్థన చేశారు, మట్టి ఇచ్చాం. నా మిత్రుడు చివరిదాకా నిలబడి పార పట్టాడు. వెళ్లేటప్పుడు ముసలావిడ నా దగ్గరికి వచ్చి, "మంచిగ చేసిండ్రు కొడుకా" అంది. ఇంజన్ గురించో, ఆపినందుకో నేను అడగలేదు.

మరునాడు కోరుట్ల అంతా ఒకటే మాట. శవయాత్రలో బండి ఆగిందట. కార్బురేటర్ ఉస్తాద్‌కు కంప్యూటర్ ఏం తెలుసు? అనవసరంగా మంచి ఇంజన్‌ను పాడు చేశాడు. పక్క షెడ్డులోవాళ్లు నా ముందే అన్నారు. తన పాత జీపుకు ఇంజెక్షన్ పెట్టించుకుంటానని వచ్చి మాట్లాడిపోయిన ఒకాయన మళ్లీ కనిపించలేదు. ఎవరికీ ఏమీ చెప్పకూడదని మేం ముగ్గురం అనుకోలేదు కూడా. దానంతట అదే మా నోళ్లలో ఉండిపోయింది. ఉద్యమ కమిటీ ఆ లారీని నమ్మడం మానేసి డీజిల్ లారీని మాట్లాడుకుంది. శవాన్ని ఎక్కించనని ఆసామి ఇచ్చిన మాట ఆ తర్వాత అట్లా నిలబడింది. పిల్లలు పోవడం మాత్రం ఆగలేదు. వేరే బండ్లు మోశాయి.

ఆ రోజు తర్వాత నా మిత్రుడు పాడడం మానేశాడు. వైర్లు అంతే శ్రద్ధగా చుట్టేవాడు. షెడ్డులో స్పానర్ కింద పడితే దాని చప్పుడు కూడా పెద్దగా వినిపించేది. నేనే కావాలని ఇంజన్ గొప్పదని తగవు మొదలుపెడితే, "అవునన్నా, ఇంజనే గొప్పది" అని ఒప్పుకునేవాడు. వాడు ఒప్పుకుంటుంటే నాకు భరించడం కష్టంగా ఉండేది. కొన్నేళ్ల కింద వాడూ కాలం చేశాడు. వాడి నోటి నుంచి రావాల్సిన కథను నేను రాస్తున్నాను.

పనిలో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. బండి ఎందుకు ఆగిందో కనిపెట్టడం నేర్చుకున్నాం, ఆగకుండా చేయడం నేర్చుకున్నాం. దాని మీద కూర్చున్న మనిషికి ఏం కావాలో అడగడం మాకు తోచలేదు. మానేరు వంతెన మీద ఏం జరిగిందో ఆ అవ్వను మేం ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది. అడిగినా బహుశా ఇంజెక్షన్ పెట్టేవాళ్లమే. రెండోసారి శవాన్ని మోయకూడదన్న మాట మీదే కదా పెట్టింది.

రాష్ట్రం వచ్చిన రోజున జగిత్యాలలో పెద్ద ఊరేగింపు. అప్పటికి నా మిత్రుడు ఇంకా ఉన్నాడు. ఆసామి పట్టుబట్టి తన లారీనే తెచ్చాడు. గులాల్ రంగులు, డప్పులు, పువ్వులు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులను లారీ మీద కూర్చోబెట్టి ముందు నడిపించాలని అనుకున్నారు. తంగళ్ళపల్లి అవ్వ ఎక్కింది. నా మిత్రుడి చెల్లెలిని ఎక్కించడానికి పిల్లలు చేతులు చాపారు. ఆమె కదలలేదు.

"ఎక్కమ్మా, మన రాష్ట్రం వచ్చింది" అన్నాడు ఒక లీడరు.

"వచ్చింది సారు, సంతోషమే. నేను ఎక్క. ఎక్కితే నా చెయ్యి తడుముకుంట వాన్ని దేవులాడుతది."

ఎవరూ బలవంతం చేయలేదు. ఎండ మాడుతోంది. లారీ మొదటి గేరులో, జనం అడుగుల వేగంతో జగిత్యాల బజారంతా తిరిగింది. ఎక్కడా ఆగలేదు. ఆమె అన్న పక్కన, లారీ వెనకాలే, డాలా మీద చెయ్యి ఆనించి, చివరిదాకా నడిచింది.